ఇరవై ఆరు సార్లు షుకర్

మా మొహల్లాలో ఎవరెదురైనా "కైసే హై ఆపా?" అంటారు. "అల్హమ్దులిల్లాహ్" అంటాం. ఆ జవాబుకు ఆలోచన అక్కర్లేదు. చిన్నప్పుడు అమ్మీ ముద్దలతో పాటు తినిపించిన మాట అది. జరం వచ్చినా అల్హమ్దులిల్లాహ్, జేబు ఖాళీగా ఉన్నా అల్హమ్దులిల్లాహ్.

2021లో మా అబ్బా పోయాక చాలా నెలలు నేను ఆ మాట అంటూనే ఉన్నాను. కానీ అది పెదవుల మీద పుట్టి పెదవుల మీదే ఆరిపోయేది. హలఖ్ దాటి కిందికి దిగేది కాదు. నమాజు వదల్లేదు, రోజాలు వదల్లేదు. సజ్దాలో తల పెట్టాక మాత్రం ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ముసల్మాను ఇంట్లో పుట్టి, నాకు షుకర్ రావడం లేదని ఎవరితో చెప్పుకుంటాం?

పోయిన ఆ మాట నాకు మళ్ళీ దొరికింది ఒక క్రైస్తవ ఇంట్లో. అదెలా జరిగిందో చాలా రోజుల నుంచి రాయాలనుకుంటున్నాను. ఇవాళ కూర్చున్నాను.

మాది మెదక్. మా మేడ మీదికెక్కితే చర్చి శిఖరం కనబడుతుంది. చూడని వాళ్ళ కోసం చెప్తాను. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే పాదిరీ సాబ్ 1914లో దాని పని మొదలుపెట్టించాడు. నిజాం జమానా అది. చుట్టుపక్కల కరువు. ఊరికే గింజలు పంచకుండా, మనిషికి పని ఇచ్చి, ఆ పనికి తిండి దొరికేలా చూశాడు. పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచారు. లోపల రంగు అద్దాల కిటికీలు మూడున్నాయి. ఈసా అలైహిస్సలామ్ పుట్టుక ఒకదాంట్లో, సిలువ ఒకదాంట్లో, ఆకాశానికి ఎత్తబడడం ఒకదాంట్లో. ఎండ పడినప్పుడు ఆ రంగులు నేల మీద పరుచుకుంటాయి. క్రిస్మస్‌కు అన్ని మజహబుల వాళ్ళూ వస్తారు. చిన్నప్పుడు అబ్బా వేలు పట్టుకొని మేమూ పోయేవాళ్ళం.

మా గల్లీ చివర సిస్టరమ్మ ఇల్లు. సర్కారీ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. అసలు పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు, అందరికీ సిస్టరమ్మే. వాళ్ళ తాత ఆ చర్చికి రాళ్ళు మోసిన కూలీల్లో ఒకడట. "మా తాత ఆకలి మీద కట్టిన చర్చి అది" అనేది. నా ఇద్దరు పిల్లలూ పుట్టినప్పుడు మొట్టమొదట పట్టుకున్న చేతులు ఆమెవే. తుడిచి, బట్టలో చుట్టి, మా అబ్బా చేతిలో పెట్టి, "ఇగో మాస్టర్ సాబ్, మీ అజాన్ మీరు చెప్పుకోండ్రి" అని పక్కకు జరిగేది. అబ్బా ఉర్దూ మీడియం బడిలో టీచరు. అందుకే ఆమెకు మాస్టర్ సాబ్.

ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ 14న మొదలైంది. రెండో అషరా సగంలో అబ్బాకు జరం. తర్వాత దగ్గు. ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు గోడకు దూరంగా జరిగి పోవడం మొదలుపెట్టారు. వాళ్ళను తప్పుపట్టను. ఆ రోజులు అలాంటివి, సొంత అన్నదమ్ములే ఫోన్లతో సరిపెట్టుకున్నారు. అప్పుడు సిస్టరమ్మ వచ్చింది. మాస్కు మీద మాస్కు, చేతిలో ఆక్సీమీటరు. నాలుగు రోజులు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. అబ్బాను బోర్లా పడుకోబెట్టి, వీపు మీద అరచేతితో తట్టి, కాగితం మీద నెంబర్లు రాసి పెట్టేది. "దేవుడున్నడు మాస్టర్ సాబ్" అంటే, అబ్బా ఆయాసంలోనే "హౌ, వహీచ్ హై" అనేవాడు.

ఇరవయ్యో రోజా నాడు నెంబరు ఎనభైకి దిగింది. అంబులెన్సులో సిటీకి తీసుకుపోయారు. ఈద్‌కు ఇంటికి వచ్చేస్తానన్నాడు. ఇరవై మూడో రోజా నాడు పోయాడు. గుస్ల్ లేదు. ముఖం చూపించలేదు. తెల్ల కిట్లు వేసుకున్న మన కుర్రాళ్ళు నలుగురు జనాజా చదివి మట్టి ఇచ్చారు. అల్లాహ్ వాళ్ళకు అజర్ ఇవ్వాలి.

ఆ తర్వాత పదిహేడు రోజులకు సిస్టరమ్మ కొడుకు పోయాడు.

ఒక్కడే కొడుకు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. ప్రతి ఈద్‌కూ మా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొని రెండు గ్లాసుల షీర్ ఖుర్మా తాగి, మూడోది ఇంటికి తీసుకుపోయేవాడు. ఆ ఈద్‌కు రాలేదు. వాడికి అప్పటికే జరం.

నా షుకర్ ఎక్కడ ఆగిపోయిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అబ్బా వయసు డెబ్బై రెండు. ఆయన పోవడాన్ని నేను ఏడ్చి ఏడ్చి ఒక చోట పెట్టుకోగలిగాను. కానీ సిస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. మా అబ్బా పక్కన కూర్చుంది. ఆ నాలుగు రోజుల తర్వాత ఆమె ఇంట్లోకి ఆ బీమారీ వచ్చింది. మా ఇంటి గడప దాటి వాళ్ళ ఇంటి గడప తొక్కిందని నా మనసు తీర్పు చెప్పేసింది. వాడి అంత్యక్రియలకు పోలేదు, పోనివ్వలేదు కూడా. ఆ తర్వాత పోగలిగిన రోజుల్లోనూ పోలేదు. బజారుకు ఆ గల్లీ మీదుగా పోవడం మానేసి చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఆమె ఎదురైతే ఏ ముఖం చూపించాలి? నా అబ్బా కోసం దువా చేసిన ప్రతిసారీ, ఆ దువాకు ఖరీదు వాడే కట్టాడేమో అనిపించేది.

అమ్మీ మాత్రం ఇద్దత్ అయిపోగానే పోయి వచ్చింది. "తు కాయ్కు నై ఆతీ పూఛీ ఉనో" అంది తిరిగొచ్చి. నువ్వెందుకు రావని అడిగిందట. నేను వంటింట్లోకి పోయాను.

డిసెంబర్ చివర్లో సిస్టరమ్మ మనవరాలు ఒక కార్డు తెచ్చి ఇచ్చింది. ముప్పయ్యో తారీఖు సాయంత్రం, మా ఇంట్లో కృతజ్ఞత కూటం.

మన వాళ్ళలో తెలియని వాళ్ళుంటారు. ఏడాది ముగిసేటప్పుడో, బిడ్డ పుడితేనో, కొత్త ఇల్లు కడితేనో, రోగం నయమైతేనో క్రైస్తవులు ఇంట్లో ఇలాంటి కూటం పెట్టుకుంటారు. పాస్టరయ్య వస్తాడు, పాటలు పాడతారు, ఇంటివాళ్ళు సాక్ష్యం చెప్తారు. అంటే, దేవుడు ఈ ఏడు మాకు ఇది చేశాడు అని నలుగురి ముందు చెప్పుకోవడం. తర్వాత భోజనాలు. సిస్టరమ్మ ఇంట్లో ఇది ఏటా ఉండేదే. కానీ ఆ ఏడు కూడానా? దేనికి కృతజ్ఞత? కార్డు చేతిలో పట్టుకొని నాకు బాధ కంటే ముందు కోపం వచ్చింది. కొడుకు పోయిన ఏడు కూడా థ్యాంక్స్ చెప్తుందా ఈమె? ఎవరికి చూపించడానికి?

పోను అన్నాను. అమ్మీ తస్బీహ్ పక్కన పెట్టింది. "పడోసీ కా హఖ్ హై బేటీ" అంది. ఇరుగుపొరుగు హక్కుల గురించి జిబ్రీల్ అలైహిస్సలామ్ ఎంతగా తాకీదు చేశారంటే, పొరుగువాడిని ఆస్తిలో వారసుడిని కూడా చేసేస్తారేమో అనుకున్నారట మన హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్. ఆ హదీస్ అమ్మీకి కంఠతా వచ్చు. "నీ అకీదా నీ దగ్గరుంటది. ఎవడూ గుంజుకోడు. పోయి కూర్చొని రా" అంది.

మగ్రిబ్ చదువుకొని ఇద్దరం పోయాం. వాకిట్లో కాగితం నక్షత్రం, లోపల బల్బు. పక్కనే కవరు కప్పిన వాడి బండి. హాల్లో జంపఖానా పరిచి ఉంది. ఆడవాళ్ళు ఒక పక్క, కొంగు తల మీదికి కప్పుకొని. మేమూ దుపట్టాలు సరిచేసుకొని గోడవార కూర్చున్నాం. ఒక్క క్షణం దర్స్‌లో కూర్చున్నట్టే ఉంది. సిస్టరమ్మ నన్ను చూసింది. లేచి రాలేదు. కళ్ళతో కూర్చోమంది.

పాటలయ్యాక పాస్టరయ్య బైబిల్ తెరిచి, కీర్తనల్లో నూట ముప్పై ఆరోది అన్నాడు. కీర్తనలంటే మొత్తం నూట యాభై. మనం జబూర్ అని వినే పేరు ఈ కీర్తనల గ్రంథాన్ని యాదికి తెస్తుంది. ఈ నూట ముప్పై ఆరోదాంట్లో ఇరవై ఆరు వచనాలు. ఒక్కో వచనంలో సగం పాస్టరయ్య చదివాడు. మిగతా సగం అందరూ కలిసి పలికారు. ఆ రెండో సగం ఇరవై ఆరు వచనాల్లోనూ ఒకటే. ఆయన కృప ఎప్పటికీ తరగదు, నిలిచే ఉంటుందని దాని అర్థం.

ఆకాశాన్ని చేసినవాడికి షుకర్. ఆయన రహ్మత్ ఎప్పటికీ ఉంటుంది. నీళ్ళ మీద భూమిని పరిచినవాడికి, పగటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి, చుక్కల్ని పెట్టినవాడికి. మళ్ళీ అదే జవాబు. నా బొటనవేలు దానంతట అదే కణుపుల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది, తస్బీహ్ తిప్పినట్టు. సూరె రహ్మాన్ గుర్తొచ్చింది. డెబ్బై ఎనిమిది ఆయతుల్లో ముప్పై ఒక్కసార్లు ఒకే ప్రశ్న, మీ రబ్ నేమతుల్లో దేన్ని కాదంటారని. అక్కడ మనల్ని అడుగుతాడు. ఇక్కడ వీళ్ళు జవాబిస్తున్నట్టు అనిపించింది. తిర్మిజీలో ఒక రివాయత్ ఉంది. హుజూర్ ఆ సూరా వినిపిస్తే సహాబాలు మౌనంగా ఉన్నారట. మీకంటే జిన్నులే మంచి జవాబిచ్చారు, ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నీ నేమతుల్లో దేన్నీ కాదనం అన్నారు అని ఆయన చెప్పారట. ఆ రివాయత్ ఎన్నోసార్లు విన్నాను. ఆ సాయంత్రం దాకా దాన్ని లోపల విన్నది లేదు.

తొమ్మిది వచనాల దాకా బాగుంది. అన్నీ వెలుగులే. పదోది వచ్చింది. అక్కడి నుంచి హజ్రత్ మూసా కిస్సా. మిస్రీల ఇండ్లలో పెద్ద కొడుకుల్ని చంపినవాడికి షుకర్ అని పాస్టరయ్య చదివాడు. అందరూ జవాబు పలికారు.

నేను సిస్టరమ్మ వైపు చూస్తున్నాను. ఆమె పెదవులు కదల్లేదు.

అప్పటిదాకా అందరి గొంతుల్లో ఆమె గొంతు వేరుగా వినబడుతూనే ఉంది, కొంచెం బొంగురుగా. ఆ ఒక్క వచనానికి అది లేదు. తల వంచుకొని జంపఖానా అంచు చూస్తోంది. పదకొండోది చదివాడు, బానిసత్వంలోంచి బనీ ఇస్రాయీల్‌ను బయటికి తెచ్చినవాడికి అని. ఆ గొంతు మళ్ళీ కలిసింది.

ఆ తర్వాత సముద్రం చీలడం, ఫిర్ఔన్, అరణ్యం, యుద్ధాలు. చివర్లో రెండు మాటలు నా లోపలికి దిగాయి. మేం నేలకు అంటుకుపోయిన దశలో ఉన్నప్పుడు మమ్మల్ని యాది చేసుకున్నాడని ఒకటి. ప్రాణమున్న ప్రతిదానికీ తిండి పెడుతున్నాడని ఇంకొకటి. ఆకాశంతో మొదలైన కీర్తన అన్నం ముద్ద దగ్గరికి వచ్చి ఆగింది. వాళ్ళ తాత ఆకలి మీద కట్టిన చర్చి యాదికొచ్చింది.

పాస్టరయ్య ఎక్కువ సేపు మాట్లాడలేదు. రెండు విషయాలు చెప్పాడు. తెలుగులో కృప అని చదివే ఈ మాటకు అసలు హీబ్రూలో హెసెద్ అని ఉందట. అది జాలి మాత్రమే కాదు. మాట ఇచ్చినవాడు ఆ మాట మీద నిలబడే ప్రేమ అట. మన జబాన్‌లో వఫా అంటాం కదా, రహ్మత్‌లో వఫా కలిస్తే ఏమవుతుందో అది అని నేను అనుకున్నాను. రెండోది, ఈ కీర్తన యూదులు పస్కా పండుగ రాత్రి పాడుకునే వాటిలో ఒకటి. వాళ్ళ ఇంజీల్ ప్రకారం ఈసా అలైహిస్సలామ్ కూడా ఆఖరి రాత్రి తన షాగిర్దులతో రొట్టె విరిచి, షుకర్ చెప్పి, కీర్తన పాడి, తర్వాతే కొండ వైపు నడిచారు. అక్కడే ఆయన్ను పట్టుకోవడానికి వచ్చారు. "కష్టం గడిచినంక పాడిన పాట కాదమ్మా, కష్టానికి ఎదురు పోతూ పాడిన పాట" అన్నాడు పాస్టరయ్య.

క్రైస్తవులకు ఆ కృప శిఖరం సిలువ మీద ఉంది. దేవుడు తన ప్రేమను అక్కడ చూపించాడని వాళ్ళ ఈమాన్. మన ఈమాన్ అది కాదు. ఆయన్ను సిలువ వేయలేదని, అల్లాహ్ తన వైపుకు ఎత్తుకున్నాడని ఖురాన్ చెప్తుంది. ఈ తేడా చిన్నది కాదు, దాన్ని చిన్నది చేసి రాయడం వాళ్ళకూ మనకూ న్యాయం కాదు. కానీ ఆ రాత్రి జంపఖానా మీద కూర్చున్న నాకు బహస్ అక్కర్లేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఒకతి, రహ్మత్ నిలిచే ఉంటుందని ఇరవై ఐదుసార్లు ఎలా పలికిందో నాకు తెలియాలి.

ఆమె సాక్ష్యం చాలా చిన్నది. లేచి నిలబడి, "ఈ ఏడు నా కొడుకును నేను సాగనంపిన. ఏడ్సిన. ఇంక ఏడుస్త. నా మనవరాలు ఉన్నది, కోడలు ఉన్నది. పొద్దున లేస్తే అన్నం ఉంటున్నది. తలుపు తట్టేటోళ్ళు ఉన్నరు. దేవునికి స్తోత్రం" అని కూర్చుంది.

భోజనాలకు బగారా అన్నం, కోడి కూర. వడ్డిస్తూ అమ్మీతో "అక్కా, మన ఖసాయి దగ్గరే కోయించిన, మీరు తినొచ్చు" అంది. అంత గమ్‌లో కూడా మా కోసం ఆ ఒక్క సంగతి మరచిపోలేదు. నాకు ముద్ద దిగలేదు. గిన్నెలు తీసే నెపంతో ఆమె వెనకే వంటింట్లోకి పోయాను.

"సిస్టరమ్మా, మీకు నా మీద కోపం లేదా?"

"నీ మీద ఎందుకు బిడ్డా?"

"మా ఇంటికి వచ్చిండ్రు. అబ్బా దగ్గర కూసున్నరు. ఆడికెళ్ళే..." మిగతాది రాలేదు.

ఆమె గిన్నె కింద పెట్టింది. చేయి తుడుచుకుంది. నేను అనుకున్నట్టు నన్ను దగ్గరికి తీసుకోలేదు. గోడకు ఆనుకొని నిలబడి నర్సులాగే మాట్లాడింది.

"నేను లెక్క పెట్టలేదనుకుంటున్నవా? ఏ దినం ఎవరింటికి పోయిన, ఎన్ని దినాలకు జరం వచ్చింది, అంత రాసుకున్న. మీ ఇంటికి వచ్చిన. ఎనుక గల్లీల రెండిండ్లకు పోయిన. వాడు దినాం మందుల షాపు కాడ లైన్ల నిలబడ్డడు. ఏడికెళ్ళి తాకిందో దేవునికే ఎరుక. మూడు నెలలు అదే లెక్క చేసిన. తెల్లార్లు. లెక్క తేల్లే. తేలదని సమజైనంక ఇడిచిపెట్టిన."

కొంచెం ఆగి, "నేను రాకపోతే మీ అబ్బాకు ఆ నాలుగు దినాలు ఎవరు చూసేటోళ్ళు? వచ్చుడు తప్పయితే నా నౌకరీ అంత తప్పే. అది తప్పు కాదు. నువ్వు ఏడు నెలల సంది సుట్టు తిరిగి పోతున్నవు సూడు, అది తప్పు" అంది.

ఆమెకు తెలుసు. కిటికీలోంచి చూస్తూనే ఉందట.

అప్పుడు ఏడ్చాను. అబ్బా పోయినప్పుడు కూడా అలా ఏడ్వలేదు. ఆమె ఒక గ్లాసు నీళ్ళిచ్చింది. తాగాక అడిగాను, పదో వచనం దగ్గర మీరు పలకలేదు కదా అని.

"చూసినవా?" అంది. "నోరు రాలే బిడ్డా. ఆ మిస్రీ తల్లులు యాదికొచ్చిండ్రు. వాళ్ళేం చేసిండ్రు పాపం? ఆ ఒక్క మాట నాకు సమజ్ కాదు. దేవునికే చెప్పిన, ఇది నాకు సమజ్ కాదయ్యా అని. అయితే ఏమాయె? నేను పలకకున్నా అందరు పలికిండ్రు గద. నా వంతు గూడ వాళ్ళే పలికిండ్రు. మల్ల పదకొండోదానికి నేను అందుకున్న."

ఇంటికి వచ్చేటప్పుడు నేనూ అమ్మీ మాట్లాడుకోలేదు. చలిగా ఉంది. ఇషా చదివాక జానమాజ్ మీదే కూర్చుండిపోయాను.

షుకర్ అంటే అంతవరకు నేనేమనుకున్నాను? బాగా జరిగినదానికి అల్లాహ్‌కు ఇచ్చే రసీదు అనుకున్నాను. బాగా జరగనప్పుడు ఆ రసీదు రాయడం అబద్ధం అనిపించింది. అందుకే గొంతు పట్టేసింది. ఆ ఇంట్లో విన్నది అలాంటిది కాదు. చుక్కలకూ అదే జవాబు, అరణ్యానికీ అదే జవాబు. మొదటి సగం మారిపోతూ ఉంది, ఒక్కోసారి భయంకరంగా మారింది. రెండో సగం మారలేదు. జరిగినదంతా మంచిదే అని వాళ్ళు అనలేదు. జరిగినదాని పక్కన ఆయన రహ్మత్ కూడా ఉంది, ఇది పోయినా అది పోదు అన్నారు. జమాత్‌తో నమాజుకు ఇంత విలువ ఎందుకో కూడా ఆ రాత్రే సమజైంది. ఒకరి గొంతు ఆగినప్పుడు సఫ్‌లో పక్కవాళ్ళది ఆగకూడదు కదా.

ఇదంతా మన దగ్గర లేదా అంటే ఉంది. నా దగ్గరే ఉంది, నేను మూసి పెట్టుకున్నాను. బిడ్డ ప్రాణం తీసుకొచ్చిన ఫరిష్తాలను అల్లాహ్ అడుగుతాడట, నా బందా ఏమన్నాడని. నిన్ను హమ్ద్ చేశాడు, ఇన్నాలిల్లాహ్ అన్నాడని వాళ్ళు చెప్తే, అతనికి జన్నత్‌లో ఒక ఇల్లు కట్టండి, దానికి బైతుల్ హమ్ద్ అని పేరు పెట్టండి అంటాడట. ఈ హదీస్ ఎందరికో నేనే చెప్పాను. దాన్ని కళ్ళారా చూడటానికి సిస్టరమ్మ హాలు దాకా పోవాల్సి వచ్చింది.

ఇంకొకటి. అల్లాహ్ తన రహ్మత్‌ను వంద భాగాలు చేసి ఒక్కటే ఈ దునియాకు దింపాడని, గుర్రం తన పిల్లకు తగలకుండా గిట్ట ఎత్తి పెట్టేది కూడా ఆ ఒక్క భాగంతోనేనని హదీస్. ఆ ఒక్క భాగం కలిమా చదివిన వాళ్ళకు మాత్రమే పంచి పెట్టాడని ఎక్కడా లేదు. రహ్మత్, రహ్మాన్, రహీమ్, అమ్మ కడుపును చెప్పే రహిమ్, అన్నీ ఒకే వేరు మాటలు. హీబ్రూలోనూ కడుపును రెహెమ్ అంటారని తర్వాత చదివాను. నా పిల్లల్ని కడుపులోంచి అందుకున్న ఆ చేతులే మా అబ్బా వీపు తట్టాయి. వాటిని పంపినవాడు ఎవరో నాకు తెలుసు.

మరుసటి పొద్దున బజారుకు ఆ గల్లీ మీదుగానే పోయాను.

ఆ తర్వాత ప్రతి డిసెంబర్ చివరా మేం ఆ జంపఖానా మీద కూర్చుంటున్నాం. 2024 క్రిస్మస్‌కు చర్చికి నూరేళ్ళు నిండాయి. మెదక్ అంతా జనమే. ఆ రాత్రి సిస్టరమ్మను మా మేడ మీదికి పిలిచాం. అమ్మీ చాయ్ చేసింది. దీపాల్లో వెలుగుతున్న శిఖరాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. మనవరాలు నా దుపట్టా లాగి, మా తాతకు తాత రాళ్ళు మోసింది దానికేనా అని అడిగింది. అవునన్నాను.

ఇప్పుడు ఎవరైనా "కైసే హై ఆపా?" అంటే అల్హమ్దులిల్లాహ్ అంటాను. చాలా రోజులు అది లోపలి నుంచే వస్తుంది. కొన్ని రోజులు ఇప్పటికీ రాదు. అబ్బా కుర్తా పెట్టెలో కనబడిన రోజు, ఈద్‌కు మూడో గ్లాసు నింపబోయి ఆగిన రోజు. అలాంటి రోజు భయపడను. అమ్మీ తస్బీహ్ తిరుగుతూ ఉంటుంది. గల్లీ చివర సిస్టరమ్మ తన కీర్తన పాడుకుంటూ ఉంటుంది. నా వంతు వాళ్ళు పలుకుతారు. తర్వాతి వచనానికి నేను అందుకుంటాను.

యా అల్లాహ్, మా అబ్బాకు మగ్ఫిరత్ ఇవ్వు. మా పొరుగింటి తల్లి గుండెకు సబర్ ఇవ్వు. నీ రహ్మత్ మా అందరి లెక్కల కంటే పెద్దది. ఆమీన్.